కార్యాలయ సాఫ్ట్‌వేర్‌ను క్రొత్త కంప్యూటర్‌కు మార్చుకొను విధానము

నేడు గ్రామ పంచాయతీ మొదలు జిల్లా కలెక్టరు కార్యాలయము వరకు కంప్యూటర్ లేక సాగు పని అరుదు. ఇంటి పన్ను రసీదులు, జనన మరణముల నమోదు, గ్రామసభ తీర్మానములు, సహకార సంఘముల పద్దులు, మహిళా సంఘముల పొదుపు లెక్కలు, అన్నియు ఆ యంత్రమందే నిలువయుండుచున్నవి. యంత్రమునకు ఆయుర్దాయము కలదు. ఏడెనిమిది సంవత్సరములు పనిచేసిన పిమ్మట దానిని మార్చక తప్పదు. అప్పుడు డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్‌ను పాత యంత్రము నుండి క్రొత్త యంత్రమునకు తెచ్చుకొనుట ఎట్లు? ఆ పనిలో ఏ మాత్రము ఏమరుపాటు కలిగినను లైసెన్సు పోవును, లెక్కలు పోవును, కొన్ని దినములపాటు ప్రజల పనులు నిలిచిపోవును. కావున ఈ విషయమును సులభముగా వివరింప సంకల్పించినాము.

మూడు జిల్లాల పరిస్థితి

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలోని 10 జిల్లాలు 31 జిల్లాలుగా ఏర్పడినవి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఆనాడు పుట్టినవే. వీనిలో అధిక భాగము పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. అయితే బయ్యారము, గార్ల మండలములు ఖమ్మం జిల్లా నుండి వచ్చి మహబూబాబాద్‌లో చేరినవి. కాటారము, మహదేవపురము కరీంనగరు జిల్లా నుండి వచ్చి భూపాలపల్లిలో చేరినవి. 2018లో అనేక తండాలు ప్రత్యేక గ్రామ పంచాయతీలైనవి. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిపోయి వేరు జిల్లా అయినది. ఇట్లు కార్యాలయములు విడిపోయిన ప్రతి పర్యాయమును కాగితపు ఫైళ్లతోపాటు కంప్యూటర్ ఫైళ్లను కూడ పంచుకొనవలసి వచ్చును.

ఆ కాలమున కొన్న యంత్రములకు ఇప్పుడు మరియొక చిక్కు వచ్చినది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పొడిగింపు పథకమందు చేరిన యంత్రములకు మాత్రమే కొంతకాలము అవి లభించును. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 సాఫ్ట్‌వేర్‌లకు కూడ గడువు ఆ తేదీనే తీరినది. 2016 నాటి కంప్యూటర్లలో పెక్కింటి ప్రాసెసర్లు విండోస్ 11కు నిర్ణయించిన అర్హతలకు చాలవు. కనుక యంత్రమును మార్చుకొనుట నేడు అనేక కార్యాలయములకు తప్పని పని అయినది.

లైసెన్సు అనగా నేమి?

కుర్చీ గాని బల్ల గాని కొన్నచో దానిని ఏ గదిలోనికైనను మోసికొనిపోవచ్చును. సాఫ్ట్‌వేర్ అట్టి వస్తువు కాదు. మనము కొనునది వాడుకొనుటకు అనుమతి మాత్రమే. జనగామ ప్రాంతపు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. బోరు ఎండినచో రైతు మరియొక చోట బోరు వేసి, మోటారును తానే అక్కడికి తరలించుకొనును. కాని విద్యుత్తు సర్వీసు కనెక్షన్ దానంతట అది వెంట రాదు. దానికి దరఖాస్తు పెట్టి, పాత చోట తీయించి, క్రొత్త చోట ఇప్పించుకొనవలెను. సాఫ్ట్‌వేర్ మోటారు వంటిది. లైసెన్సు సర్వీసు కనెక్షన్ వంటిది.

ఈ కారణముననే, పాత కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో నకలు తీసి క్రొత్త దానిలో వేసినచో అది పనిచేయదు. సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించునప్పుడు అది యంత్రములోని పలు చోట్ల తన గుర్తులను వ్రాసికొనును. ఆ పిమ్మట ఆ యంత్రపు గుర్తింపును ఇంటర్నెట్ ద్వారా తన సంస్థకు తెలిపి అనుమతి పొందును. దీనినే యాక్టివేషన్ అందురు.

లైసెన్సులలో నాలుగు విధములు

మొదటిది, యంత్రముతోపాటు వచ్చిన లైసెన్సు. కంప్యూటర్ తయారుచేసిన సంస్థయే దీనిని అందులో వేసి అమ్మును. యంత్రముతో వచ్చిన విండోస్ సాధారణముగా ఈ కోవకు చెందును. ఇది ఆ యంత్రమునకే అంకితము, దానితోనే ముగియును.

రెండవది, విడిగా కొన్న లైసెన్సు. దీనికి 25 అక్షరముల ప్రోడక్ట్ కీ ఉండును. 2013 ఆరంభములో ఆఫీస్ 2013 వెలువడినప్పుడు, ఒక యంత్రమందు వేసిన దానిని మరియొక దానికి మార్చరాదని మైక్రోసాఫ్ట్ నిబంధన విధించినది. కొనుగోలుదారులు అభ్యంతరము తెలుపగా అదే సంవత్సరము మార్చి నెలలో నిబంధనను సవరించినది. ఆ సవరణ ప్రకారము తమదైన మరియొక యంత్రమునకు మార్చుకొనవచ్చును. అయితే 90 రోజులకు ఒక పర్యాయమునకు మించరాదు. యంత్రము చెడిపోయిన యెడల ఈ గడువు వర్తింపదు.

మూడవది, ఏటేట చందా చెల్లించునది. మైక్రోసాఫ్ట్ 365 ఇట్టిది. ఇది యంత్రమునకు గాక ఖాతాకు చెందును. పాత దానిలో సైన్ అవుట్ చేసి క్రొత్త దానిలో సైన్ ఇన్ చేసిన చాలును.

నాలుగవది, ఒక శాఖ గాని సంస్థ గాని అనేక యంత్రములకు కలిపి కొన్నది. దీనిని స్థానిక ఉద్యోగి తనంతట మార్చరాదు. శాఖలో ఆ బాధ్యత వహించిన అధికారికి గాని, జిల్లా కేంద్రములోని ఎన్.ఐ.సి. కార్యాలయమునకు గాని తెలిపి చేయింపవలెను.

తమ సాఫ్ట్‌వేర్ ఏ కోవకు చెందినదో తెలియనివారు బిల్లును చూడవలెను. వర్డ్ తెరచి, ఫైల్ అను చోట అకౌంట్ అను దానిని నొక్కినచో వెర్షను పేరును, ఏ ఖాతాకు చెందినదో ఆ వివరమును కనబడును.

ఖాతా ఎవరి పేర ఉన్నది?

ఈ వ్యాసములో మేము మిక్కిలి నొక్కి చెప్పదలచిన సంగతి ఇదియే. ఆఫీస్ 2013 మొదలుకొని విడిగా కొన్న ప్రోడక్ట్ కీని ఒక ఈమెయిల్ ఖాతాకు జతచేయవలసియున్నది. ఒక పర్యాయము జతచేసిన పిమ్మట ఆ కీతో మరల పనిలేదు; ఖాతాయే ఆధారము. ఒక కార్యదర్శి తొందరలో తన సొంత ఈమెయిల్‌ను, తన సెల్‌ఫోను నంబరును ఇచ్చి యాక్టివేషన్ చేసినాడనుకొందము. రెండేండ్లకు అతడు భూపాలపల్లి నుండి మహబూబాబాద్‌కు బదిలీ అయినాడు. యంత్రము చెడి క్రొత్తది వచ్చినప్పుడు ఓటీపీ అతని ఫోనుకే పోవును. అతడు నంబరు మార్చియున్న యెడల పంచాయతీ సొమ్ముతో కొన్న లైసెన్సు పంచాయతీకి దక్కకుండ పోవు ప్రమాదము కలదు.

అందుచేత ఖాతా కార్యాలయపు పేరనే ఉండవలెను. ఓటీపీ వచ్చు ఫోను నంబరు కార్యాలయమునకు చెందినదై యుండవలెను. బదిలీ అయినప్పుడు నగదు పుస్తకము, స్టాకు రిజిస్టరు అప్పగించినట్లే సాఫ్ట్‌వేర్ ఖాతాల జాబితాను కూడ వ్రాతమూలకముగా అప్పగించవలెను. పాస్‌వర్డ్‌ను గోడమీద అంటించుట తగదు. కవరులో మూసి, సీలు వేసి, బీరువాలో ఉంచుట మేలు. క్రొత్తవారు బాధ్యత స్వీకరించినంతనే దానిని మార్చవలెను.

పాత యంత్రమును ఆపుటకు ముందు

ఈ పనులను వరుస తప్పక చేయవలెను.

1. యంత్రమందున్న సాఫ్ట్‌వేర్‌లన్నింటికి జాబితా వ్రాసి, ప్రతిదానికి బిల్లు, కీ, ఖాతా వివరములను ఎదుట చేర్చవలెను.

2. పత్రములు, లెక్కల పట్టికలు, ఫొటోలు, ఈమెయిల్ నిలువలు, ఫాంట్లు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. ఒకే పెన్‌డ్రైవ్‌ను నమ్ముట తగదు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో దాచిన ఫైళ్లను పలువురు మరచుచుందురు.

3. ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్నచో ముందుగా దాని డేటాకు బ్యాకప్ తీయవలెను. పిమ్మట ఇంటర్నెట్ ఉన్నప్పుడు పాత యంత్రమందు లైసెన్సును సరెండర్ చేయవలెను. అట్లు చేసిన తరువాతనే క్రొత్త యంత్రమందు అదే సీరియల్ నంబరుతో యాక్టివేట్ చేయవలెను.

4. డిజిటల్ సంతకపు టోకెన్ వాడువారు దాని డ్రైవరు సాఫ్ట్‌వేర్‌ను క్రొత్త యంత్రమందు వేయించుకొనవలెను. ఆ టోకెన్ ఒక వ్యక్తి సంతకముతో సమానము. యంత్రము మార్చు సందర్భమున దానిని గాని, దాని పిన్‌ను గాని మెకానిక్కు చేతికి ఇచ్చి వెళ్లరాదు.

పాత యంత్రము ముందే చెడి తెరచుకొనకున్నను నిరాశ చెందనవసరము లేదు. ఖాతాకు జతచేసిన లైసెన్సును క్రొత్త యంత్రము నుండియే పొందవచ్చును. ఇతర సాఫ్ట్‌వేర్‌ల విషయమై బిల్లుతో డీలరును గాని సంస్థ సహాయ కేంద్రమును గాని సంప్రదింపవలెను. యంత్రము చెడినను లోపలి హార్డ్ డిస్కు బాగున్నచో ఫైళ్లను బయటకు తీయించవచ్చును. కావున దానిని త్వరపడి పారవేయరాదు.

క్రొత్త యంత్రమందు

సాఫ్ట్‌వేర్‌ను దాని సంస్థ వెబ్‌సైటు నుండియే దించుకొనవలెను. ఖాతాతో సైన్ ఇన్ చేసి, యాక్టివేషన్ పూర్తి అయినదో లేదో అకౌంట్ పేజీలో చూడవలెను. పిమ్మట పాత ఉత్తరము నొకదానిని తెరచి ప్రింటు తీయవలెను. ఇంటి పన్ను పట్టిక నొకదానిని తెరచి మొత్తములు పాత ప్రింటుతో సరిపోవుచున్నవో లేదో పోల్చవలెను. ఒక నెల గడచువరకు పాత యంత్రమును అట్లే ఉంచవలెను. ఆ తరువాత హార్డ్ డిస్కులోని ప్రజల వివరములను పూర్తిగా చెరిపించి, ఈ-వ్యర్థముల నియమములననుసరించి అప్పగింపవలెను. 2022 నాటి ఈ నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి.

గడువు తీరిన ఆఫీస్ 2016 వంటి వెర్షనును క్రొత్త యంత్రమునకు మార్చుట వీలైనను, దానికి ఇక రక్షణ సవరణలు రావు. బయటినుండి వచ్చు ఫైళ్లను నిత్యము తెరచు కార్యాలయములకు అది క్షేమకరము కాదు.

తెలుగు అక్షరముల సంగతి

మన కార్యాలయములకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పూర్వము తెలుగు టైపునకు వాడిన అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరపు ఆకారములను ఇంగ్లీషు అక్షరముల స్థానములందు అమర్చినారు. ఆ ఫాంటు లేని యంత్రమందు ఫైలు తెరచినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడును. ఫైలు చెడినదని భ్రమపడి దానిని తొలగింపరాదు. ఆ టైపు సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సుతో సహా క్రొత్త యంత్రమునకు తెచ్చినచో అక్షరములు మరల కనబడును. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌లకు డాంగిల్ అను చిన్న తాళపు పరికరము ఉండును. అది పోయినచో లైసెన్సు పోయినట్లే. కనుక దానిని స్టాకు రిజిస్టరులో వ్రాయవలెను.

శాశ్వత పరిష్కారము యూనికోడ్. 1991లో వెలువడిన దీని మొదటి వెర్షను నుండియే తెలుగునకు సొంత స్థానములు కలవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, 2012లో విండోస్ 8తో నిర్మలా ఫాంటు వచ్చినవి. యూనికోడ్‌లో వ్రాసిన ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనను, సెల్‌ఫోనులోనైనను తెలుగుగనే కనబడును. పాత ఫైళ్లను మార్చు కన్వర్టర్లు ఉన్నవి. అయితే మార్చిన పిమ్మట వత్తులను, దీర్ఘములను, పేర్లను, సర్వే నంబర్లను ఒక్కొక్కటిగా సరిచూడవలెను. ధ్రువపత్రమందు ఒక్క అక్షరము తప్పినను దాని ఫలితము అనుభవించువాడు గ్రామస్థుడే.

దొంగ ప్రతులు వలదు

లైసెన్సు చిక్కులకు విసిగి కొందరు దొంగ ప్రతులను వేయించుకొందురు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచన వలె రక్షింపబడుచున్నది. దొంగ ప్రతి అని తెలిసి వాడినవారికి 63-బి సెక్షను క్రింద ఏడు రోజులకు తక్కువ గాకుండ మూడేండ్ల వరకు జైలుశిక్షయు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. సొంత ప్రతిని నష్టము నుండి కాపాడుకొనుటకు బ్యాకప్ తీసికొనుటను 52వ సెక్షను అనుమతించుచున్నది. శిక్ష మాట అటుండగా, దొంగ ప్రతితోపాటు వైరసు చొరబడి సంఘపు లెక్కలన్నియు చెడిపోవచ్చును.

కొనుగోలు శక్తి లేని చిన్న సంఘములకు ధర్మమైన మార్గము వేరొకటి కలదు. 2010లో ప్రారంభమైన లిబ్రేఆఫీస్ అను సాఫ్ట్‌వేర్‌ను ఉచితముగా దించుకొని ఎన్ని యంత్రములందైనను వాడవచ్చును. దానికి కీ లేదు, గడువు లేదు. తెలుగులో వ్రాయుటకు వీలు కలదు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను కూడ అది తెరచును; క్లిష్టమైన పట్టికల అమరిక మాత్రము కొంత మారవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రకటించిన విధానమును ఇట్టి ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్‌ను ప్రోత్సహించుచున్నది.

మన కర్తవ్యము

యంత్రము పాడైన నాడు వెదకుటకంటె, బాగున్న నాడే బిల్లును, కీని, ఖాతాను ఒక చోట చేర్చియుంచుట తెలివి. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, సహకార సంఘముల అధ్యక్షులు, మహిళా సంఘముల పుస్తక లేఖకులు ఈ వారములోనే తమ కార్యాలయపు సాఫ్ట్‌వేర్ జాబితాను ఒక్క పుటలో వ్రాసి బీరువాలో భద్రపరచవలెనని కోరుచున్నాము. ప్రజాధనముతో కొన్న లైసెన్సు ప్రజల పనికే ఉపయోగపడవలెను. దానిని చేతులు మారినప్పుడెల్ల కాపాడుకొనుట మనందరి బాధ్యత.