పల్లీలు పడకపోవడం – జన్యువులు

పల్లీ చిక్కీ అంటే మనకు ఇష్టమే. కానీ కొందరికి పల్లీలు పడవు. కొంచెం తిన్నా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఊపిరాడదు. దీన్నే ఎలర్జీ అంటారు. మన శరీర రక్షణ వ్యవస్థ పల్లీలోని ప్రోటీన్‌ను శత్రువు అనుకొని పోరాడుతుంది. అందుకే ఇలా అవుతుంది.

ఇది పుట్టుకతో వచ్చే గుణమా? 2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రవేత్తలు పల్లీ ఎలర్జీ ఉన్న కవలల గురించి ప్రకటించారు. జన్యువులు ఒకటిగా ఉండే కవలలు 14 జంటలు. వాటిలో 9 జంటల్లో ఇద్దరికీ ఎలర్జీ ఉంది. జన్యువులు వేరుగా ఉండే కవలలు 44 జంటలు. వాటిలో 3 జంటల్లోనే ఇద్దరికీ ఉంది. అంటే జన్యువుల పాత్ర పెద్దదే. కానీ మొదటి రకంలో 5 జంటల్లో ఒక్కరికే వచ్చింది కదా! కాబట్టి తిండి, పరిసరాలు కూడా కారణమే.

చర్మాన్ని కాపాడే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపముంటే ఈ ముప్పు ఎక్కువని 2011లో తేలింది.

ఎలర్జీ అంటువ్యాధి కాదు, వేషాలు అసలే కాదు. ఎవరైనా "నాకు పడదు" అంటే వెక్కిరించకండి, బలవంతంగా పెట్టకండి. ఊపిరాడకపోతే వెంటనే వార్డెన్ మేడంకు చెప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని