నల్లరేగడి నేలలో మురుగు పైపు పగలకుండా కాపాడుకుందాం



కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలతో వార్డులో చేరినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "మీరు తాగే నీళ్లు ఎక్కడివి?" దీనికి అందరూ జవాబు చెబుతారు. "మీ మరుగుదొడ్డి పైపు ఎటు పోతుంది?" అంటే మాత్రం చాలామందికి తెలియదు. భూమిలో ఉన్నది కంటికి కనబడదు కదా! నల్లరేగడి నేలల్లో ఇల్లు ఉన్నవారు ఆ పైపు సంగతి తప్పక తెలుసుకోవాలి.

నేల ఎందుకు కదులుతుంది?

వేసవిలో పత్తి చేలు నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. వానలు పడగానే అదే నేల నీరు పీల్చి పొంగుతుంది, నెర్రెలు పూడిపోతాయి. ఈ మట్టిలో ఉండే ఒక రకం బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మన ఇంటి చుట్టూ ఉన్న నేల కూడా అంతే. కాకపోతే అంతటా ఒకేలా కదలదు. ఇంటి కింద ఎండ తగలదు కాబట్టి చెమ్మ నిలుస్తుంది, పెరడు ఎండిపోతుంది. స్నానాల గది పక్కన తడి, పెద్ద చెట్టు కింద పొడి. ఒకచోట నేల లేచి మరోచోట కుంగితే మధ్యలో ఉన్న పైపు వంగాలి. వంగలేనిది విరుగుతుంది.

అతుకుల దగ్గర, గోడ దాటే చోట, చాంబరులో కలిసే చోట పైపు ఎక్కువగా దెబ్బ తింటుంది. చిన్న చీలిక పడినా, కారే నీటితో అక్కడి నేల ఇంకా ఉబ్బి చీలిక పెద్దదవుతుంది.

దీనికీ జబ్బుకీ సంబంధం ఏమిటి?

చాలా ఊళ్లలో కుళాయి నీరు రోజంతా రాదు. నీరు ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గిపోతుంది. మంచినీటి గొట్టానికి పగులు ఉండి, పక్కనే మురుగు నిలిచి ఉంటే అది లోపలికి చేరుతుంది. మళ్లీ నీరు వదిలినప్పుడు మన బిందెలోకే వస్తుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి విరేచనాలు ప్రబలాయి, పలువురు చనిపోయారు. అక్కడ నేల కదలికే కారణమని నేను అనడం లేదు. మురుగు, మంచినీరు కలిస్తే ఏమవుతుందో తెలియడానికే చెబుతున్నాను.

ఇలా వ్యాపించే హెపటైటిస్-ఇ కామెర్లు నిండు నెలల గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. నీరు తాగిన 2 నుండి 10 వారాల తర్వాత ఈ జబ్బు బయటపడుతుంది. అందుకే కారణం పైపు అని చాలామంది గుర్తించరు.

కొత్త పైపు వేసేటప్పుడు

1. సిమెంటుతో అతికిన మట్టి తూములకు బదులు రబ్బరు రింగు అతుకులున్న పీవీసీ పైపులు వేయించండి. పైపును చివరిదాకా తోసి, సుమారు 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగి ఉంచాలి. ఆ సందే కదలికకు చోటు.

2. తవ్విన నల్లమట్టిని పైపుకు తగలనివ్వకండి. కింద 4 అంగుళాలు, పక్కల, పైన కొంత మేర ఇసుక పోయించండి. ఆపైన మట్టిని పలచటి పొరలుగా వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. లేకపోతే వాన నీరు ఇసుకలోకి దిగుతుంది.

3. గట్టిగా ఉంటుందని పైపును గోడలో సిమెంటుతో బిగించవద్దు. చుట్టూ 2 అంగుళాల ఖాళీ ఉంచి, మెత్తగా అణిగే పదార్థంతో నింపాలి.

4. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వండి.

5. మంచినీటి పైపును మురుగు పైపుకు వీలైతే 10 అడుగుల దూరంలో వేయించండి. రెండూ దాటే చోట మంచినీటిదే పైన ఉండాలి.

ఉన్న పైపును కాపాడుకోవడం

నేలలో తడి ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉండేలా చూడటమే ముఖ్యం. చూరు నీళ్లు, కుళాయి దగ్గరి నీళ్లు గోడ పక్కన నిలవనివ్వకండి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా చప్టా చేయించండి. రావి, మర్రి, జామాయిలు వంటి చెట్లను పైపు దగ్గర నాటవద్దు. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం ఉండాలి.

ఏటా తొలకరికి ముందు ఒక పరీక్ష చేయండి. ఆ సమయంలో మరుగుదొడ్డి వాడకండి. కింది చాంబరు దగ్గర పైపు మూతిని బిగించి, పై చాంబరు నుండి నీళ్లు నింపి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. అరగంటలో నీరు బాగా తగ్గితే ఎక్కడో కారుతోందన్న మాట. పెరట్లో ఒకేచోట గడ్డి పచ్చగా ఉండటం, దుర్వాసన, నేల కుంగడం, మరుగుదొడ్డి నీరు నెమ్మదిగా పోవడం కూడా గుర్తులే.

అనుమానం వస్తే

పైపు బాగయ్యేవరకు ఆగకండి. ఆ రోజునుండే తాగే నీరు తెర్లేదాకా మరగబెట్టి, చల్లార్చి, మూత పెట్టండి. మురుగు మట్టిలో పిల్లల్ని ఆడనివ్వకండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో గర్భిణి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. పసరు మందులతో కాలం గడపవద్దు.

ఈ నెల ఇంట్లో అందరూ కలిసి ఒక పని చేయండి. మీ మురుగు పైపు ఎటునుండి ఎటు పోతుందో, మంచినీటి పైపు ఎక్కడ దాటుతుందో ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. రేపు మేస్త్రీకీ, మీకూ అది ఉపయోగపడుతుంది.