బైక్‌కి యూఎస్‌బీ ఛార్జర్ పెట్టాక బ్యాటరీ డౌన్ అవుతోందా? ఇలా చెక్ చేయండి

చలికాలం ఆదిలాబాద్‌లో పొద్దున్నే సెల్ఫ్ అందుకోకపోతే అందరూ చలినే తిడతారు. చలికి బ్యాటరీ బలం తగ్గే మాట నిజమే. కానీ హ్యాండిల్‌కి యూఎస్‌బీ ఛార్జర్ బిగించాకే ప్రాబ్లమ్ మొదలైతే, కొత్త బ్యాటరీ కొనేముందు వైరింగ్ చూడండి. నేను చెక్ చేసే వరుస ఇదీ. ఒక మల్టీమీటర్ చాలు.

1. వోల్టేజ్: బండి ఆపిన కొన్ని గంటలకు, ఫుల్ ఛార్జ్ ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపించాలి. ఇంజిన్ ఆన్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే బండి ఛార్జింగ్ సిస్టమ్‌లోనే తేడా ఉంది.

2. లీకేజీ: తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. మీటర్‌ని 10 ఆంప్స్ మోడ్‌లో పెట్టి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలపండి. ఈ టైంలో సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ పాడవుతుంది. 0.05 కనిపిస్తే 50 మిల్లీఆంప్స్ పోతున్నట్టు. 5 ఏహెచ్ బ్యాటరీ, అంటే 5000 ఎంఏహెచ్, 100 గంటల్లో ఖాళీ. సెల్ఫ్ అంతకంటే ముందే మొరాయిస్తుంది. ఛార్జర్ వైరు తీయగానే రీడింగ్ పడిపోతే దొంగ దొరికినట్టే.

3. ఫిక్స్: ఛార్జర్‌ని నేరుగా బ్యాటరీకి కాకుండా, తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకి ఇవ్వండి. 18 వాట్ల ఛార్జర్ ఒకటిన్నర ఆంప్స్ పైన లాగుతుంది కాబట్టి 3 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ లేని వైరు హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఒరుసుకుని షార్ట్ అయితే, మంట లేచేది పెట్రోల్ ట్యాంక్ పక్కనే. కంపెనీ వైరు మాత్రం కోయించకండి, కప్లర్ వాడమనండి. లేదంటే వారంటీకి ఇబ్బంది రావొచ్చు.