నల్లబడిన గోరు

కాలికి ఎదురుదెబ్బ తగులని బాల్యము మన పల్లెలలో అరుదు. రాతికి బొటనవ్రేలు తాకినంతనే ప్రాణము జివ్వుమనును. కొంతసేపటికి గోరు కమిలి నల్లబడును. అది ఎప్పుడు, ఎచ్చట తగిలినదో బాలునకు తెలియును. దూరపు పరుగు పరుగెత్తువారికి గోరు నల్లబడుట వేరు విధము. వారు ఏ రాతిని తన్ని యుండరు. పరుగు ముగించి, బూట్లు విప్పి, మేజోళ్ళు తీసినప్పుడు గాని ఆ సంగతి వారికి తెలియదు.

దీని కారణము చిన్న లెక్కతో బోధపడును. మారథాన్ పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. ఒక్కొక్క అంగ ఒక మీటరని యెంచినచో సుమారు 42,000 అంగలు కావలెను. అందు సగము, అనగా 21,000, ఒక్కొక్క పాదమునకు వచ్చును. బూటు ఇరుకైనను, లేక మరీ వదులై పాదము ముందునకు జారినను, అడుగడుగునకు గోటి కొన బూటు ముందు భాగమునకు తగులును. ఒక్క తాకిడి లెక్కింపదగినది కాదు. అట్టివి వేలకొలది కలిసినప్పుడు గోటి క్రింది సన్నని రక్తనాళములు చిట్లును. వెలువడిన రక్తమునకు దారి లేక, అది గోటికిని చర్మమునకును నడుమ గడ్డకట్టి నల్లగా కనబడును. పల్లమునకు దిగునప్పుడు ఈ తాకిడి హెచ్చు. హైదరాబాదులో ఆగస్టు మాసమున జరుగు మారథానునందు పైవంతెనలు పెక్కు కలవు. వానిని ఎక్కుట ఊపిరికి కష్టము. గోళ్ళకు మాత్రము దిగుటయే కష్టము.

గంటలకొలది పరుగెత్తినప్పుడు పాదము ఉబ్బును. బయలుదేరినప్పుడు సరిపోయిన బూటు ముప్పదవ కిలోమీటరు నాటికి ఇరుకగును. కనుకనే అనుభవజ్ఞులు బూట్లను పాదము కొంత ఉబ్బియుండు సాయంకాలమున కొందురు. పరుగునకు వాడు మేజోళ్ళే తొడిగి, నిలుచుండి చూతురు. పొడవైన వ్రేలికి ముందు ఒక బొటనవ్రేలి వెడల్పు చోటు మిగులవలెను. కొందరికి కాలి రెండవ వ్రేలే పొడవు; అట్టివారు బొటనవ్రేలిని మాత్రమే చూచి కొనినచో రెండవ గోరు దెబ్బతినును. చీలమండ యొద్ద లేసులు బిగించి కట్టినచో పాదము ముందునకు జారదు. గోళ్ళను అడ్డముగా, తిన్నగా కత్తిరింపవలెను. మూలలు లోతుగా కోసినచో గోరు మాంసములోనికి పెరుగును.

బూట్లే లేకున్న ఈ బాధ యుండదు గదా యని కొందరు తలంపవచ్చును. 1960లో రోము ఒలింపిక్ క్రీడలయందు ఇథియోపియా దేశపు సైనికుడు అబేబె బికిలా వట్టి కాళ్ళతో మారథాను పరుగెత్తి, 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో గెలిచెను. నాటికి ప్రపంచమున అదియే అత్యల్ప కాలము. వట్టి కాళ్ళతో సాధన అతనికి పూర్వమే కలదు. 1964లో టోకియోనందు అతడే బూట్లు తొడిగి, రోములో కంటె మూడు నిమిషములు ముందుగా పరుగు ముగించి మరల గెలిచెను! వట్టి కాళ్ళ పరుగున బూటు తాకిడి యుండదు గాని, ఎదురుదెబ్బయు గాజుపెంకును ఉండనే యుండును.

గోరు నల్లబడిన పిదప చేయవలసినది నొప్పినిబట్టి యుండును. నొప్పి స్వల్పమైనచో మొదటి దినమున మంచుముక్కలను గుడ్డలో చుట్టి కొంతసేపు అద్ది, కాలు ఎత్తున పెట్టుకొని, గోటిని కదల్పక విడుచుటయే మేలు. పోట్లు పొడుచుచు నొప్పి నిద్రపట్టనీయనిచో ఒకటి రెండు దినములలోనే వైద్యుని చేరవలెను. ఆయన గోటికి సన్నని రంధ్రము చేసి రక్తమును వెడలించును. ఒత్తిడి తగ్గి నొప్పి వెంటనే ఉపశమించును. ఈ పనినే ఇంట కాల్చిన సూదితో చేసికొనువారు కలరు. అది తెలివితక్కువ సాహసము. సూది లోతుగా దిగినచో గోటి క్రింది మెత్తని చర్మము గాయపడి చీము పట్టవచ్చును. ఆ చీము వ్రేలి ఎముకకు సైతము సోకవచ్చును. పోటీకి పోనీయరను భయమున వ్రేలు ఎఱ్ఱబడి చీము పట్టినను ఉపాధ్యాయునకు చెప్పని పిల్లలు కలరు. అట్టివారికి ఒక్క పోటీ కాదు, నెలల తరబడి ఆటలే తప్పిపోవచ్చును. మధుమేహము గలవారు ఎంత చిన్న గాయమునైనను వైద్యునకు చూపవలెను.

ఊగుచున్న గోటిని పెరికివేయరాదు. అది క్రింది లేత చర్మమునకు కప్పు. ఊడిన భాగమును మాత్రము కత్తిరించి, సబ్బునీటితో కడిగి, వాసెలిను రాచి, శుభ్రమైన గుడ్డ కట్టవలెను. కాలిగోరు నెలకు సుమారు 1.6 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. చేతిగోరు దానికి రెట్టింపు వేగమున పెరుగును. బొటనవ్రేలి గోరు మరల సంపూర్ణముగా వచ్చుటకు 12 మొదలు 18 నెలలు పట్టును. ఎనిమిదవ తరగతి ఆటలపోటీలలో ఊడిన గోరు తొమ్మిదవ తరగతి ముగియు వేళకు గాని యథాస్థితికి రాదు.

గోరు పెరుగుకొలది దాని క్రింది నల్లని మచ్చయు కొనవైపునకు జరుగును. నెలకొకసారి గోటి మొదటినుండి మచ్చకు గల దూరమును కొలబద్దతో కొలిచి వ్రాసికొనినచో ఈ కదలిక స్పష్టముగా తెలియును. దెబ్బ తగులకయే పుట్టినదియు, గోటి మొదటినుండి కొనవరకు గీతవలె సాగి, నెలలు గడచినను ముందునకు జరుగనిదియు అగు నల్లదనము వేరు. అది అరుదుగా చర్మపు కేన్సరు కావచ్చును గనుక, నొప్పి లేకున్నను ఆలసింపక వైద్యునకు చూపవలెను.