బండి తోలినవాళ్ళ గురించి కూడా రాయించు



నీ డిగ్రీ పిల్లలు వ్యాసం రాయమంటే గైడు వాక్యాలే అప్పజెబుతున్నారని ఫోనులో బాధపడ్డావు. వాళ్ళకు రాయడం రాక కాదమ్మా, చూసి రాయమని ఎవరూ అడగలేదు. రాయచూరులో ఉంటూ నువ్వు పాఠం కోసం వెతుక్కోనక్కర్లేదు. కోటకు తీసుకెళ్ళు.

అక్కడ లోపలి గోడలో 40 అడుగులు దాటిన ఒంటిరాయి ఉంది. దాని మీద 1294 నాటి శాసనం. కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి, రాయచూరులో ఈ కోట కట్టించాడని దాని సారాంశం. దగ్గర్లోనే గీతల బొమ్మ ఉంది. అందులో అంత రాయినీ బండి మీద వేసి తెస్తున్నారు. బారులు తీరిన దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, చక్రాల దగ్గర దుంగలతో ఎగదోసేవాళ్ళు.

ఆ బొమ్మ ముందు పిల్లల్ని అరగంట కూర్చోబెట్టు. కనబడిందే రాయాలి. ‘శిల్పకళా వైభవం’ లాంటి మాటలు ఎవరు రాసినా కొట్టెయ్. ఎవరి చెయ్యి ఎటు లేచింది, ఎవరు వంగారు, బండి ఎటు పోతోంది, అది చాలు.

తర్వాత గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ సినిమా పెట్టు. 2015లో వచ్చింది, అందులో గోన గన్నారెడ్డి అల్లు అర్జునే కాబట్టి పిల్లలు హుషారుగా చూస్తారు. ఒక సన్నివేశం శబ్దం ఆపేసి చూపించు. కెమెరా ఎవరి ముఖం దగ్గర ఆగింది, ఎవరిని గుంపుగా దాటేసింది, అది రాయించు. శాసనంలో ఏలినవాళ్ళ పేర్లున్నాయి, సినిమాలో వీరుడున్నాడు, చెమటోడ్చినవాళ్ళు ఆ బొమ్మలోనే మిగిలారు. ఇది నువ్వు చెప్పకు. వాళ్ళే పట్టుకుంటారు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. జాలి పుట్టగానే పిల్లలు బండివాడికి పేరు పెట్టేస్తారు, ఆకలి అంటగడతారు, కొరడా దెబ్బలు కల్పిస్తారు. ఒప్పుకోకు. అతనికి కూలి ముట్టిందో లేదో ఆ బొమ్మ చెప్పదు. చెప్పనిదాన్ని చెప్పలేదనే రాయడం అతనికిచ్చే మర్యాద. అన్యాయం గురించి రాసేవాడు అబద్ధమాడితే అసలు బాధను కూడా ఎవరూ నమ్మరు.

ఆపైన ఇంటి దగ్గరి పని. సింధనూరు వైపు వలస క్యాంపుల పిల్లలు నీ తరగతిలో ఉంటారు. తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి, భూములు కొని, మాగాణి చేసిన తాతల కష్టం వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ కష్టం నిజమే. అదే పొలంలో నాట్లు వేసినావిడ ఏమంటుందో, భూమి అమ్ముకున్న రైతింట్లో ఏమనుకుంటారో కూడా అడిగి రమ్మను. కన్నడంలో చెబితే కన్నడంలోనే రాసుకుని, ఇంటికొచ్చాక తెలుగు చేసుకోమను. ఎవరు, ఎప్పుడు చెప్పారో గుర్తు పెట్టుకోవాలి. పేరు వద్దంటే రాయకూడదు.

మొదటి ప్రతిలో అక్షరదోషాల జోలికి పోకు. ‘ఇది నీకెలా తెలిసింది?’ అని అంచున ఒక్క ప్రశ్న రాసి తిరిగివ్వు. రెండో ప్రతి వచ్చాకే ఎర్రసిరా.

ముందు నువ్వొక్కతివే కోటకు వెళ్ళి, ఆ గీతలు ఏ వేళ తేటగా కనబడతాయో చూసుకుని రా. పిల్లలు రాసినవాటిలో రెండు మూడు నాకూ పంపు.

మీ మామయ్య