పేజీలున్నాయి, అక్షరాలే లేవు!

ప్రశ్న: మా జావా వెబ్ అప్లికేషన్‌లో ఇన్‌వాయిస్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తే పేజీల సంఖ్య సరిగ్గానే వస్తోంది, కానీ అన్నీ ఖాళీ. సర్వర్‌లో సేవ్ చేసిన కాపీ బాగానే ఉంది. తప్పెక్కడ?

జవాబు: సర్వర్ కాపీ బాగుందంటే పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీని అనుమానించక్కర్లేదు. ఫైలు దారిలో చెడింది. పీడీఎఫ్ చట్రం చాలావరకు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, అందుకే పేజీల లెక్క కుదిరింది. పేజీలోని అసలు సరుకు మాత్రం కుదించిన బైట్లు. వాటిని ఎవరో టెక్స్ట్ అనుకుని యూటీఎఫ్-8గా చదివేశారు. డౌన్‌లోడ్ అయిన ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. ‘ఈఎఫ్ బీఎఫ్ బీడీ’ అనే మూడు బైట్లు అడుగడుగునా కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫైలు సైజు కూడా పెరిగి ఉంటుంది.

సర్వ్‌లెట్‌లో గెట్‌రైటర్ వాడి ఉంటే తీసేసి గెట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ పెట్టండి. బైట్లను మధ్యలో స్ట్రింగ్‌గా మార్చకండి. అక్కడంతా సవ్యంగా ఉంటే బ్రౌజర్ వైపు చూడండి. అక్కడ ఫైలును యాక్సియోస్‌తో తెప్పిస్తుంటే, దాని రెస్పాన్స్‌టైప్‌ను ‘బ్లాబ్’ అని చెప్పకపోతే అది టెక్స్ట్‌గానే చదువుతుంది. జావా కోడంతా తిరగేసేవాళ్లు ఈ ఒక్క లైనూ చూడరు!

ఎప్పుడైనా సర్వర్ కాపీ కూడా తెరుచుకోకపోతే కథ వేరు. డాక్యుమెంట్‌ను క్లోజ్ చేయకముందే బైట్లు తీసుకుంటున్నారేమో చూడండి.