ఫలక్‌నుమా ఎత్తు మీద వణికిన బండి

అల్లుడా,

ఇక్కడ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. డాక్టరు ఇంకో పది దినాలు మెట్లెక్కొద్దన్నడు, అందుకని మా పెద్దబిడ్డ ఇంట్ల మంచం మీదనే ఉన్న. నిన్న ఫోన్ల నువ్వు చెప్పింది సగమే వినబడ్డది, వెనుక గ్రైండర్ మోత. మిగిలిన సగం నీ గొంతుల తెలిసింది. ఏడుపొక్కటే తక్కువ. కాగితం మీద రాస్తే చేతులు తుడుచుకొని రెండోసారి చదువుకుంటవని రాస్తున్న.

బండి మలక్‌పేట గంజ్ నుంచి మీరాలం మండీకి ఉల్లిగడ్డ కొట్టే పాత పికప్. 'ఎత్తు మీద గాడీ కాంప్‌రీ ఉస్తాద్, నీచే సే టక్ టక్ ఆవాజ్ ఆరీ' అని ఓనరు అన్నడు, అంటే బండి వణుకుతున్నది, కింది నుంచి టక్ టక్ మోత వస్తున్నదని. వణుకు అనే మాట చెవిల పడంగనే నువ్వు గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ మార్చినవు. ఒక దినం పోయింది, వణుకు మాత్రం ఉన్నకాడనే ఉన్నది. ఆ ప్లేటు పైసలు ఓనరు దగ్గర తీసుకోకు, నేను సర్దుత. పానా పట్టకముందు ఒక్క మాట అడిగి ఉంటే ఆ దినం మిగిలేది. ఖాళీ మీద వణుకుతదా, లోడు మీదనా?

ఎవరొచ్చినా ఆవాజు ఎక్కడి నుంచి వస్తున్నదో చెప్తరు. దాన్ని పెద్దగా నమ్మకు. ఛాసిస్ అంటే పొడుగు ఇనుము. వెనుక యాక్సిల్ హౌసింగుల పుట్టిన మోత దాని వెంట ఉరికొచ్చి డ్రైవర్ సీటు కింద వినబడ్డ సందర్భాలు నేను మస్తు చూసిన. ఎప్పుడొస్తదో అడుగు. బండి నిలబడి ఉన్నప్పుడా, కదిలేటప్పుడా? యాక్సిలేటర్ తొక్కితేనా, వదిలితేనా? మలుపులనా? జవాబు తెల్వదంటే నువ్వే పక్కన కూర్చొని పో. మన షెడ్డు నుంచి శాలిబండ, అలియాబాద్, ఇంజన్ బౌలి మీదుగ ఫలక్‌నుమా బ్రిడ్జి దాకా పోతే ఆగుడు, కదులుడు, గుంతలు, ఎత్తు, అన్నీ దొరుకుతయి. నడుమ ఏదన్నా ఇరుకు సందుల ఎత్తు గోడ పక్కన అద్దం దించి నెమ్మదిగ పోనియ్యి. కింది మోత గోడకు తగిలి చెవికే వస్తది. ఈ పనికి పాతబస్తీ గల్లీల లెక్క పెద్దరోడ్డు పనికిరాదు.

ముందుగాల క్లచ్ సంగతి, ఎందుకంటే నువ్వు అక్కడనే జారినవు. బండి నిలబెట్టి, న్యూట్రల్ల ఇంజన్ నడవనియ్యి. పెడల్ తొక్కంగనే గరగర మొదలైతే రిలీజ్ బేరింగు. తొక్కంగనే ఉన్న మోత బందైతే గేర్‌బాక్స్ ముందటి షాఫ్ట్ బేరింగు. ఇక క్లచ్ వణుకు అనేది పెడల్ సగం లేచినప్పుడు వస్తది, కాలు పూర్తిగ తీసినంక పోతది. ప్లేట్ మీద ఆయిల్ పడ్డా, ఫ్లైవీల్ కాలి నీలం మచ్చలు పడ్డా, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు తెగినా ఇదే తీరు. నీ బండో? 'రెండో గేర్ల గూడ వణుకుతది మామా, పాతిక స్పీడు దాటినంక ఆగుతది' అని నువ్వే చెప్పినవు. రెండో గేర్ల పోతున్న బండికి క్లచ్ ఎప్పుడో పట్టేసి ఉంటది గదా. జవాబు నీ నోటనే ఉండె.

అంటే గేర్‌బాక్స్ దాటి వెనక్కి పోవాలె. ఆ దిక్కు అమరిక పాతకాలం నుంచి ఒక్కటే. 1932ల నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మన దిక్కు రోడ్డు సర్వీసు పెట్టిండ్రు. ఆ కాలపు ఆల్బియన్ కంపెనీ బస్సు తీసుకో, నీ ముందున్న పికప్ తీసుకో, ఇంజన్ ముందట, తిప్పే చక్రాలు వెనుక, నడుమ ప్రొపెల్లర్ షాఫ్ట్. గేర్‌బాక్స్ ఛాసిస్‌కు కట్టి ఉంటది. వెనక యాక్సిల్ మాత్రం కమాన్ కట్టల (ఇనుప పట్టీల స్ప్రింగుల) మీద కిందికి మీదికి ఆడుతది. ఆ ఆటను ఓర్చుకునేటందుకే షాఫ్ట్ కొసలకు యోక్ చెవుల నడుమ క్రాసులు, అంటే యూనివర్సల్ జాయింట్లు.

ఇక్కడొక లెక్క చెప్త. బండి 40 స్పీడుల ఉంటే సెకనుకు 11 మీటర్లు పోతది. టైరు ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు, అంటే సెకనుకు 5 చుట్లు. హౌసింగుల పండ్ల లెక్క ఒకటికి నాలుగు అనుకుంటే షాఫ్ట్ 20 చుట్లు. క్రాస్ సతాయిస్తే చుట్టుకు రెండుసార్లు, అంటే 40 సార్లు. అందుకే టైరు తేడా అయితే పెయ్యి ఊగుతది, స్టీరింగు ఆడుతది. షాఫ్ట్ తేడా అయితే సీటు కింద జుమ్మంటది, కాళ్లకు తిమ్మిరెక్కినట్టు ఉంటది. మా ఉస్తాద్ చాయ్ సాసర్ సీటు మీద పెట్టి చూసేటోడు. చాయ్ అటిటు ఒలికితే టైరు, మీద సన్నటి అలలు పుడితే షాఫ్ట్. సీటు కరాబైతదని ఓనర్లు లొల్లి పెట్టేటోళ్లు, అది వేరే కత.

క్రాస్‌ను ముందు కన్నుతోని చూడు. కప్పు అంచు చుట్టూ కుంకుమ లెక్క ఎర్ర పొడి కనబడితే లోపల గ్రీసు ఎండి తుప్పు పట్టిందన్నట్టు. అట్లాంటి బండి నెమ్మదిగ పోయేటప్పుడు పిచ్చుక అరిచినట్టు కిచకిచమంటది. తర్వాత చక్రాలకు ముందట వెనుక రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, షాఫ్ట్‌ను రెండు చేతులతోని అటిటు తిప్పు. క్రాస్‌ల ఆట కనబడొద్దు. జాక్ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టినంకనే. కప్పు ఊడదీస్తే సూదుల లెక్క సన్నటి రోలర్లు రాలుతయి. అవి తిరిగే చోట గోరుతోని గీకు. గోరు గాట్లల్ల తట్టుకున్నదంటే ఆ క్రాస్ పని అయిపోయింది. మొదటి గేరు నుంచి రివర్సుకు మార్చినప్పుడు వచ్చే టక్కుకు చాలాసార్లు కారణం అదే. బాగున్నదనిపిస్తే గ్రీసు కొట్టు, నాలుగు కొసల నుంచి పాత గ్రీసు బయటికొచ్చే దాకా. మూడింట్ల వచ్చి నాలుగోదాంట్ల రాలేదంటే, ఆ నాలుగోదే రేపు ఇరుగుతది.

షాఫ్ట్ విప్పే ముందు సుద్దతోనో పెయింటుతోనో రెండు దిక్కులా గీత పెట్టు. ఈ మాట నేను ఉత్తగ చెప్తలే. నీ ఈడుల ఉన్నప్పుడు ఒకసారి గీత పెట్టకుండ విప్పి, జారే కొసను ఒక పన్ను పక్కకు ఎక్కిచ్చిన. ఇంజన్ బౌలి దాటకముందే క్యాబిన్ అంత దడదడ. ఉస్తాద్ ఏం అనలే. బండి పక్కకు ఆపించి, కిందికి దూరి రెండు కొసల యోక్ చెవులు ఒకే గీత మీద ఉన్నయా చూడమన్నడు, అంతే. వంకర మీద తిరిగే క్రాస్ షాఫ్ట్‌ను చుట్టుకు రెండుసార్లు ఉరికిస్తది, రెండుసార్లు ఆపుతది. దీని లెక్క 17వ శతాబ్దంలనే ఇంగ్లండుల రాబర్ట్ హుక్ తీసిండు. ముందటి క్రాస్ చేసిన వంకరతనాన్ని వెనుక క్రాస్ సరిచేస్తది. అట్ల కావాలంటే చెవులు ఒక గీత మీద ఉండాలె, రెండు దిక్కుల వంపు సమానంగ ఉండాలె. ఈ రెండింట్ల ఏది తప్పినా కొత్త క్రాస్ వేసినా వణుకు పోదు.

ఇప్పుడు నీ బండి దగ్గరికొస్త. ఆ వంపు ఎట్ల తప్పుతదో తెలుసా? కమాన్ కట్టల. మన దిక్కు లోడు బండ్లు కొన్నోళ్లు చాలామంది పట్టీలు ఒకటో రెండో ఎక్కువ ఎక్కిపిస్తరు. లోడు వేస్తే బండి కుంగదు, మంచిదే. ఖాళీ అయినప్పుడు మాత్రం వెనక భాగం ఎత్తుగ నిలబడతది, యాక్సిల్ కిందికి దిగినట్టయితది, షాఫ్ట్ వంపు పెరుగుతది. దాని మీద ఎత్తెక్కేటప్పుడు యాక్సిలేటర్ తొక్కితే హౌసింగు ముక్కు మీదికి లేస్తది. మండీల లోడు దించి ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కేటప్పుడు కదా ఓనరుకు వణుకు తెలిసేది! షాఫ్ట్ రెండు ముక్కలుగ ఉండి నడుమ సెంటర్ బేరింగు ఉంటే, దాని రబ్బర్ తెగినా ఇట్లనే కదిలేటప్పుడు వణికిస్తది, అందుకని దాన్ని గూడ ఊపి చూడు.

పక్కా చేసుకునేటందుకు ఏం విప్పకు. 50 కిలోల ఉల్లిగడ్డ బస్తాలు పది వేయించి మళ్ల అదే ఎత్తు ఎక్కించు. వణుకు తగ్గితే కమాన్ కట్ట దిక్కు పో. యూ-బోల్టులు బిగువుగ ఉన్నయా, నడుమ సెంటర్ బోల్టు తెగిందా చూడు, పట్టీలు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టు. పక్కన అసలు కట్ట ఉన్న అదే మోడల్ బండి నిలబెట్టి ఎత్తు కొలువు.

హౌసింగు గురించి ఇప్పుడు ఎక్కువ రాయను. యాక్సిలేటర్ తొక్కితే ఊఁ అని మూలిగి, వదిలితే గొంతు మారితే క్రౌన్ పినియన్. మలుపులల్ల ఒక దిక్కుకే మోత పెరిగితే హబ్ బేరింగు. ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే, దాని మీద బూడిద లెక్క ముద్ద ఉంటే భయం లేదు, రేకుల లెక్క ముక్కలుంటే నాకు ఫోన్ చెయ్యి.

ఓనరుకు ఈ రాత్రే ఫోన్ కొట్టి పట్టీలు ఎప్పుడు ఎక్కిపిచ్చిండో, వణుకు అప్పటి నుంచేనా అడుగు. ఆయన కోపంగ ఉంటడు, చాయ్ తాపియ్యి. గ్రీసు గన్ను షెల్ఫు కింది అరల ఉన్నది, అందుల గ్రీసు నేను పోయే నాటికే అయిపోయింది. అఫ్జల్‌గంజ్ దిక్కు పోయినప్పుడు ఒక డబ్బా తెచ్చుకో, సుద్దముక్కలు గూడ.

మీ మామ